అప్పు కంతులు కడుతూ ఆడిషన్లకు తిరగలేరు

ప్రశ్న: నా వయసు 19. మాది ఖమ్మం. ఇంటర్ అయ్యాక మొబైల్ షాపులో చేరాను, జీతం 11,000. నటుణ్ని కావాలని కోరిక. ఇంట్లో ఒప్పుకోవట్లేదు, రూపాయి కూడా ఇచ్చేది లేదంటున్నారు. నేను దాచుకున్నవి 45,000 ఉన్నాయి. హైదరాబాద్‌లో మూడు నెలల యాక్టింగ్ కోర్సుకు 90,000, పోర్ట్‌ఫోలియో ఫొటోలకు 10,000 అడుగుతున్నారు. నా వయసుకు లోన్ రాదన్నారు. అందుకని నా ఫ్రెండ్ తన పేరు మీద యాప్‌లో 60,000 తీసి ఇస్తానన్నాడు. 12 నెలలు, వడ్డీ 36 శాతం. అప్రూవ్ అయింది, డబ్బు ఇంకా తీసుకోలేదు. కోర్సయ్యాక అవకాశాలు వస్తే తీర్చేయొచ్చు కదా?

జవాబు: తీర్చలేరు. ముందు ఆ లోన్ ఆపించండి, తర్వాత మిగతాది చదవండి.

మీరు వేసిన లెక్కనే పూర్తిగా వేద్దాం. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అనుకుని, దానిపై జీఎస్టీ కలిపి 2,124 పట్టుకుంటే చేతికొచ్చేది 57,876. మీ 45,000 కలిపితే 1,02,876. కోర్సుకు, ఫొటోలకు లక్ష పోతే మిగిలేది 2,876. హాస్టల్ అడ్వాన్సుకే చాలదు. ఆ మరుసటి నెల నుంచే 6,028 కంతు మొదలవుతుంది. జీతం మానేసి వచ్చారు, క్లాసులు ఇంకా నడుస్తున్నాయి. ఆ కంతు ఎక్కడి నుంచి కడతారు?

కట్టలేకపోతే బౌన్స్ ఛార్జీ, ఆలస్యపు రుసుము, రికవరీ ఫోన్లు అన్నీ మీ ఫ్రెండ్‌కే. అతని క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు బండి లోన్‌కో ఇంటి లోన్‌కో వెళ్తే అక్కడ తేలుతుంది. 19 ఏళ్ల కుర్రాడికి అప్పు ఇవ్వకూడదని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అనుకున్నాయంటే కారణం ఉంటుంది. ఆ కారణాన్ని ఫ్రెండ్ ఆధార్, పాన్‌తో దాటేయడం తెలివి అనిపించుకోదు. ఇంట్లో చెప్పకుండా అమ్మ గొలుసు తాకట్టు పెట్టేవాళ్లదీ ఇదే దారి.

నటన కోసం ఊరొదిలే కుర్రాళ్లలో చాలామంది చేసే తప్పు మీ ఉత్తరంలో ఉంది. ఉన్నదంతా ఫీజుకు పోసి, బతకడానికి ఏమీ మిగుల్చుకోరు. ఈ రంగంలో అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఎన్నాళ్లు ఆగగలరన్నదే అసలు పెట్టుబడి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ హాస్టళ్లలో ప్రతిభ ఉన్నవాళ్లకు కొదవ లేదు. నాలుగో నెల హాస్టల్ బిల్లు కట్టలేక వెనక్కి బస్సెక్కేవాళ్లకూ కొదవ లేదు.

అందుకే అత్యవసర నిధి. ఉద్యోగం చేసే కుటుంబాలకు ఆరు నెలల ఖర్చు దాచమంటాను, మీకు అదే కనీసం. షేరింగ్ గది, భోజనం కలిపి హాస్టల్‌కు నెలకు 7,500, బస్ పాస్‌కూ అప్పుడప్పుడు ఆటోకూ 1,500, ఫోన్‌కు 400, టీ టిఫిన్లు, సబ్బులకు 1,600, బట్టలు, క్షవరానికి 1,000 అనుకోండి. మొత్తం 12,000. ఆరు నెలలకు 72,000, హాస్టల్ అడ్వాన్స్ 3,000 కలిపి 75,000. అడ్వాన్సులో కొంత మెయింటెనెన్స్ కింద కోస్తారు, ఎంతన్నది చేరేరోజే రాయించుకోండి.

మీ దగ్గరున్నవి 45,000. తక్కువ పడేది 30,000. ఇంట్లోనే తిని ఉంటున్నారు కాబట్టి జీతంలో నెలకు 6,000 దాచడం కష్టం కాదు. ఐదు నెలలు. అయిదు నెలలు ఆలస్యమైతే హీరో ఛాన్స్ చేజారుతుందని ఎవరైనా అంటే, వాళ్లు మీకు ఏదో అమ్ముతున్నారని అర్థం.

హైదరాబాద్ వచ్చాక కూడా ఈ నిధిని తింటూ కూర్చోవద్దు. మొబైల్ షాపు పని తెలుసు కదా, సాయంత్రం షిఫ్ట్ వెతుక్కోండి. పగలు ఆడిషన్లకు ఖాళీ ఉంటుంది. నెలకు 8,000 వచ్చినా నిధిలోంచి తీసేది 4,000 మాత్రమే. జూనియర్ ఆర్టిస్టుగా వచ్చే డబ్బును బడ్జెట్లో సున్నాగా రాసుకోండి. రోజు కూలీలో వేషం ఇప్పించే కోఆర్డినేటర్ కమిషన్ పోతుంది, చిన్న వేషాలకు డబ్బు వారాల తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే పారితోషికం 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. మీ ఆదాయం పన్ను పరిమితి లోపే ఉంటే రిటర్న్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు, పాన్ కార్డు సిద్ధంగా ఉంచుకోండి. 2020లో కొవిడ్‌తో షూటింగులు ఆగిపోయాయి. 2025 ఆగస్టులో కార్మికులు వేతనాల కోసం సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా ఆగిపోయాయి. అలాంటప్పుడు కంతు ఆగదు.

నిధి చేసే ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చేతిలో డబ్బున్నవాడు ‘వద్దు’ అనగలడు. ‘క్యారెక్టర్ ఖాయం, రిజిస్ట్రేషన్‌కు 5,000 పంపండి’, ‘ఆర్టిస్ట్ కార్డు ఇప్పిస్తాం, 20,000 కట్టండి’ లాంటి మాటలకు పడేది ఎక్కువగా జేబు ఖాళీ అయి కంగారులో ఉన్నవాళ్లే. నిజంగా సినిమా తీసేవాళ్లు నటుడికి డబ్బిస్తారు, అతని దగ్గర పుచ్చుకోరు. ఒకవేళ పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరికే అవకాశం తగ్గుతుంది.

ఈ 75,000ను యూపీఐ వాడే ఖాతాలో ఉంచొద్దు. వేరే సేవింగ్స్ ఖాతాలో 15,000, మిగతాది 10,000 చొప్పున చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. అవసరమైనప్పుడు ఒక్కటే తీయొచ్చు, పోయేది కాస్త వడ్డీనే. లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) అయినా పర్లేదు. చీటీలు, షేర్లు, ఎవరో టెలిగ్రామ్‌లో చెప్పే ట్రేడింగ్ ఈ డబ్బుతో ముట్టుకోవద్దు.

బీమా కూడా బయల్దేరేముందే. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఫారం ఇవ్వండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదవశాత్తు మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 2 లక్షలు. ఇంటి రేషన్ కార్డులో మీ పేరుందో లేదో చూసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద జాబితాలోని చికిత్సలకు కుటుంబానికి 10 లక్షల వరకు వర్తిస్తుంది. ఇంట్లో మాటల్లేకపోయినా కార్డు నకలు తెచ్చుకోండి. విడిగా ఆరోగ్య పాలసీ తీసుకునే స్తోమత వచ్చినరోజు తీసుకోండి. ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు, కాబట్టి జ్వరం వచ్చాక కొంటే లాభం లేదు.

ఇక కోర్సు. 90,000 పెట్టే ముందు అడగాల్సినవి: మొత్తం ఎన్ని గంటలు, బ్యాచ్‌లో ఎంతమంది, రోజూ పాఠం చెప్పేది ఎవరు, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు. చివరిదానికి కాగితం మీద జవాబు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. ‘నో కాస్ట్ ఈఎంఐ ఉంది’ అంటే మరీ జాగ్రత్త. అది ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్. సంస్థ మూతపడినా కంతులు కట్టాల్సింది మీరే.

10,000 ఫొటోలు ఇప్పుడు అక్కర్లేదు. ఉదయం కిటికీ వెలుతురులో, ఖాళీ గోడ ముందు ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి, నిలువెత్తుది ఒకటి, ఫిల్టర్ లేకుండా తీయించుకోండి. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పే పరిచయ వీడియో ఒకటి, నిమిషం నిడివి నటన క్లిప్పులు రెండు చాలు. ఖర్చు ఫోన్ స్టాండుకు, కాలరుకు పెట్టే మైకుకే. మాట సరిగా వినబడని క్లిప్పును ఎవరూ రెండోసారి చూడరు, మైకు దగ్గర పిసినారితనం వద్దు. ఈ ఐదు నెలల్లో ఖమ్మంలోనే ఏదైనా నాటక బృందంలో చేరండి. అక్కడ వాచికం, అంటే మాట పలికే తీరు, ఫీజు లేకుండా వస్తుంది.

ఇంటర్‌తో చదువు ఆపొద్దు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో సీటుకు డిగ్రీ కావాలి, నాటకాల్లో చేసిన అనుభవమూ కావాలి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి చేరితే పని మానక్కర్లేదు.

ఫ్రెండ్ లోన్ దగ్గరికి మళ్లీ వస్తాను. డబ్బు ఖాతాలో పడకపోతే యాప్‌లోనే దరఖాస్తు రద్దు చేయించండి. ఈలోగా పడిపోతే, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులు, ఖర్చులు రాసిన పత్రం) తెరిచి కూలింగ్ ఆఫ్ గడువు, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేయగల గడువు, ఎంతుందో చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు ఉండాలి. ఆ గడువులో అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు. అసలు ఆ స్టేట్‌మెంటే ఇవ్వని యాప్ అయితే వెనుక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (రిజర్వ్ బ్యాంక్ దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీ) ఉందో కనుక్కోండి. ఏదీ లేకపోతే డబ్బు ముట్టుకోకుండా రిజర్వ్ బ్యాంక్ ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి. ఫోన్‌లో కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు తీసేయమని మీ ఫ్రెండ్‌కు ఈరోజే చెప్పండి.