పింగ్ బాగానే వస్తోంది, ఫైలే పోవడం లేదు

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. పింగ్ (అవతలి కంప్యూటరుకు ప్యాకెట్లు, అంటే చిన్న డేటా పొట్లాలు, పంపి జవాబు వస్తుందేమో చూసే కమాండ్) కొడితే నాలుగు రిప్లైలూ వస్తున్నాయి. స్కాన్ చేసిన బిల్లులు అప్‌లోడ్ చేయబోతే మాత్రం సగంలో ఆగిపోతోంది. మా బావమరిది హెచ్‌పింగ్3లో (ప్యాకెట్లను మనకు కావలసినట్టు తయారుచేసి పంపే టూల్) ఫ్లడ్ ఆప్షన్ పెట్టి చూడమన్నాడు. చూడొచ్చా?

జవాబు: ఫ్లడ్ జోలికి వెళ్లకండి. అది వచ్చిన జవాబులను చూపించదు, ప్యాకెట్లను గుమ్మరిస్తూనే ఉంటుంది. సర్వరు ఇతరులదైతే ఐటీ చట్టం కింద కేసు కూడా కావచ్చు.

మీకు విండోస్‌లోని మామూలు పింగే చాలు. ఊరికే కొడితే అది పంపేది 32 బైట్ల ప్యాకెట్లు, అవీ నాలుగే. గల్లీలోంచి సైకిల్ పోయిందని వడ్ల లారీ కూడా పోతుందనుకోలేం కదా.

ముందు మిల్లు నడిచే వేళ మీ రౌటరు అడ్రసుకు -టి ఆప్షన్‌తో పింగ్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి. కంట్రోల్, సి నొక్కితే ఎన్ని ప్యాకెట్లు దారిలో తప్పిపోయాయో లెక్క చూపిస్తుంది. అక్కడే తప్పిపోతుంటే తప్పు బయటి లైనుది కాదు, మీ వైఫైదే. ల్యాన్ కేబుల్ వేసుకోండి.

అక్కడ బాగుంటే అసలు పరీక్ష ఇది: పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1. 1.1.1.1 అంటే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ పబ్లిక్ సర్వరు అడ్రసు. ఆప్షన్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. -ఎల్ సైజు చెబుతుంది, -ఎఫ్ ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దంటుంది. 1472కు హెడర్ల (ప్యాకెట్ ముందు ఉండే చిరునామా వగైరా వివరాల) 28 కలిపితే 1500, ఈథర్‌నెట్‌లో మామూలుగా పట్టేది అంతే. జవాబు రాకపోతే సైజు తగ్గిస్తూ పోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్లలో 8 బైట్లు దానికే పోతాయి కాబట్టి 1464 దగ్గర జవాబు రావాలి. నల్గొండలో ఒక స్నేహితుడి షాపులో 1452 దాకా దిగాల్సి వచ్చింది. 28 కలిపి రౌటరులో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు) 1480 పెట్టాం, మొరాయించిన ఫైలు అప్పుడే వెళ్లిపోయింది. మీకు ఏ అంకె వస్తే దానికీ అంతే చేయండి.

ఒక్క జాగ్రత్త: లినక్స్ పింగ్‌లో -ఎఫ్ అంటే ఫ్లడ్! అక్కడ సైజుకు -ఎస్, ఎన్ని పంపాలో చెప్పడానికి -సి, ముక్కలు చేయొద్దనడానికి పెద్ద ఎమ్‌తో -ఎమ్ డూ.

హెచ్‌పింగ్3 పనికొచ్చే చోటూ ఉంది. పింగ్‌కు పలకని మీ సొంత సర్వరు వెబ్ పోర్టు తెరిచి ఉందో లేదో చూడాలంటే పెద్ద ఎస్‌తో -ఎస్ -పి 443 -సి 5 పెట్టి, అడ్మిన్ హక్కులతో నడపండి. ఫ్లాగ్స్ దగ్గర ఎస్ఏ అని వస్తే తెరిచి ఉన్నట్టు, ఆర్ఏ అని వస్తే మూసి ఉన్నట్టు.