యురేనియం రూపాన్ని చెదరనివ్వకుండా పరిశీలించడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

రక్తంలోనూ కణాల్లోనూ యురేనియం ఏ రసాయన రూపంలో ఉంటుందో పరిశీలించబోతున్నానని, ఏ పరికరంతో మొదలుపెట్టాలో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం అందింది. పరికరం సంగతి తర్వాత చూద్దాం. ఈ పనిలో ఫలితం చాలావరకు నమూనాను పట్టుకునే తీరులోనే తేలిపోతుంది కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

మొత్తం యురేనియం ఎంతో కొలవడం ఇవాళ కష్టం కాదు. నమూనాను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (అతివేడి ప్లాస్మాలో పరమాణువులను అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కపెట్టే పరికరం) ఇస్తే అతి స్వల్ప పరిమాణం కూడా తెలుస్తుంది. కానీ ఆమ్లం పడగానే నీకు కావలసిన సమాచారం చెరిగిపోతుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 30 మైక్రోగ్రాముల విలువ మొత్తం యురేనియానికి సంబంధించినది. అంతే యురేనియం కాల్షియం, కార్బొనేట్‌లతో కలిసి సంశ్లిష్టంగా (లోహాన్ని ఇతర అయాన్లు చుట్టి బంధించిన రూపంలో) ఉన్నప్పుడు కణంలోకి చేరడం ఒక రకంగా, స్వేచ్ఛగా ఉన్న యురేనైల్ అయాన్‌గా (ఒక యురేనియం, రెండు ఆక్సిజన్లు కలిసిన అయాన్) ఉన్నప్పుడు మరో రకంగా ఉంటుంది. నీ పరిశోధన ఉన్నది ఆ తేడాలోనే.

రక్తద్రవాన్నే తీసుకో. పీహెచ్ 7.4 దగ్గర, లీటరుకు దాదాపు 25 మిల్లీమోళ్ళ బైకార్బొనేట్ ఉన్నచోట, ఆరో ఆక్సీకరణ స్థితిలోని యురేనియం కొంత కార్బొనేట్ సంశ్లిష్టాలుగా, కొంత ట్రాన్స్‌ఫెరిన్, ఆల్బుమిన్, ఫెట్యుయిన్ వంటి ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. సీరం గొట్టం మూత తీసి బల్ల మీద పెట్టావంటే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, ఆ పంపకం నీ కళ్ళముందే మారిపోతుంది, కంటికి మాత్రం ఏమీ కనబడదు. అందుకే నమూనా గొట్టాన్ని నిండుగా నింపి బిగించు. తెరవక తప్పనప్పుడు 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాతావరణంలో తెరువు.

బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) ఎంపికలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. జీవశాస్త్ర ప్రయోగశాలలో అలవాటుగా చేతికందే ఫాస్ఫేట్ బఫర్ యురేనైల్‌ను అవక్షేపంగా దింపేస్తుంది. గాఢత తక్కువైతే ఆ పసుపు పొర గొట్టం గోడమీద ఉన్నా కనిపించదు. సిట్రేట్ యురేనైల్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఈడీటీఏ కాల్షియాన్ని కూడా లాగేసుకుంటుంది; కాబట్టి ఈ రెండింటిలో ఏదైనా ఉన్న రక్త సేకరణ గొట్టాలు నీ పనికి తగవు. హెపీస్ వంటి బలహీనంగా బంధించే బఫర్ మేలు.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే క్రొమటోగ్రఫీ స్తంభాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కు జతచేయడం మంచి పద్ధతే. అయితే స్తంభంలోని జెల్ కూడా యురేనైల్‌ను పట్టుకోగలదు. వదులుగా అంటిన యురేనియం దారిలో ప్రోటీన్‌ను వదిలి జెల్‌కు అతుక్కుంటే, తర్వాతి పరుగులో మరో ప్రోటీన్‌తో బయటికొచ్చి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి పరుగుకూ లోపలికి పంపినది ఎంత, బయటికి వచ్చినది ఎంత, చివర కార్బొనేట్ ద్రావణంతో కడిగితే రాలినది ఎంత అని లెక్క రాసిపెట్టు. లెక్క కుదరని శిఖరం (కొలత గీతలో పైకి లేచిన భాగం) ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మకు.

ఇక నువ్వడిగిన పరికరాలు. లేజర్ దీప్తి వర్ణపటంలో యురేనైల్ ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది. శిఖరాల స్థానం, కాంతి ఆరిపోయే కాలం రూపాన్ని సూచిస్తాయి. కానీ మూడు కార్బొనేట్‌లున్న సంశ్లిష్టం గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు వెలగదు, క్లోరైడ్, సేంద్రియ పదార్థాలు కూడా కాంతిని అణచివేస్తాయి. చీకటిగా ఉందంటే యురేనియం లేదని కాదు. నమూనాను గడ్డకట్టించి అతి శీతలంలో మళ్ళీ చూడు.

సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను అతివేగంగా తిప్పి తీవ్రమైన ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) ఎక్స్-రేలతో 17.17 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి శోషణాంచును, అంటే యురేనియం ఎక్స్-రేలను పీల్చుకోవడం ఒక్కసారిగా పెరిగే చోటును, పరిశీలిస్తే నాలుగో, ఆరో ఆక్సీకరణ స్థితులు విడివిడిగా తెలుస్తాయి. యురేనైల్‌లోని రెండు అక్షీయ ఆక్సిజన్లు దాదాపు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో కనిపిస్తాయి. అయితే పొరుగున ఉన్న కార్బాక్సిలేట్ సిట్రేట్‌దా, ప్రోటీన్‌దా అన్నది అది సులభంగా చెప్పలేదు. పైగా కిరణాలే ఆరో స్థితిని క్షయకరణం చేయగలవు, అంటే తక్కువ ఆక్సీకరణ స్థితికి దించగలవు. మొదటి వర్ణపటాన్నీ చివరి వర్ణపటాన్నీ పోల్చకుండా సగటు తీయవద్దు. జియోబాక్టర్, షెవనెల్లా వంటి బ్యాక్టీరియాతో పనిచేసేటట్లయితే సమస్య తారుమారవుతుంది: అవి తయారుచేసిన నాలుగో స్థితి గాలి తగిలితే తిరిగి ఆక్సీకరణ చెందుతుంది గనుక బ్యాక్టీరియాను సేకరించినప్పటి నుంచి కొలత దాకా ఆక్సిజన్ లేని పెట్టెలోనే ఉంచాలి.

కంప్యూటర్ గణనలు తప్పక చేయి, కానీ వాడే స్థిరాంకాల (ఏ సంశ్లిష్టం ఎంత గట్టిగా ఏర్పడుతుందో తెలిపే అంకెల) పట్టికలో కాల్షియం–యురేనైల్–కార్బొనేట్ సంశ్లిష్టాలు ఉన్నాయో లేదో ముందు చూడు. అవి 1990ల్లో గుర్తింపు పొందాయి. పాత పట్టికల్లో ఉండవు. అవి లేకుండా లెక్కవేస్తే స్వేచ్ఛా యురేనైల్ ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది.

మొదటి నెలల్లో సీరం జోలికి వెళ్ళకుండా, తెలిసిన మోతాదులో బైకార్బొనేట్, కాల్షియం, ఒకే ఒక ప్రోటీన్ ఉన్న ద్రావణంతో మొదలుపెట్టు. లోపలికి పంపినది, బయటికి వచ్చినది రాసుకున్న ఆ లెక్కల పట్టిక నాకు పంపు. అది చూశాక సింక్రోట్రాన్‌లో ఎక్స్-రే సమయం కోసం దరఖాస్తు పెట్టాలో వద్దో ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.