‘కఫన్’ తెలుగు పీడీఎఫ్ గ్రూపులోంచి ఎందుకు తీసేశారంటే

ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ హక్కులు ఎప్పుడో ముగిశాయి కదా, మరి గ్రూపులో పెట్టిన తెలుగు పీడీఎఫ్ ఎందుకు తీసేశారని అడిగారు. అభ్యంతరం ప్రేమ్‌చంద్‌తో కాదండీ, అనువాదంతో అయ్యుంటుంది. ఆయన 1936లో పోయారు. మన కాపీరైట్ చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లే హక్కులు కాబట్టి, మీరన్నట్టు మూల కథ ఇప్పుడు అందరిదీ. కానీ తెలుగు అనువాదానికి హక్కు విడిగా ఉంటుంది, దానికి 60 ఏళ్లూ అనువాదకుడు పోయినప్పటి నుంచి లెక్క. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

1. లోపలి టైటిల్ పేజీ వెనకవైపు చూడండి. హక్కులెవరివో సాధారణంగా అక్కడే చిన్నక్షరాల్లో ఉంటుంది. స్కాన్ చేసేవాళ్లు వదిలేసేది కూడా సరిగ్గా ఆ పేజీనే!

2. ఆ హక్కులున్నవాళ్లకి, పీడీఎఫ్ పంచుకోవచ్చా అని మెయిల్ పెట్టండి. నోటిమాట కాదు, రాతలో ఒప్పుకోవాలి.

3. ఈలోగా గ్రూపులో కథ మీద చర్చ ఆపక్కర్లేదు. సమీక్షలో భాగంగా కొద్ది వాక్యాలు ఉటంకించడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ఒప్పుకుంటుంది. రచయితతో పాటు అనువాదకుడి పేరూ రాయండి.