గుడ్ ఫ్రైడేకి సంఘాన్ని విజ్ఞాపన ప్రార్థనకు ఎలా సమకూర్చాలి?

ముందురోజు గురువారం రాత్రి గొలుసు ప్రార్థన, అంటే ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా కొనసాగించే ప్రార్థన పెట్టండి. గెత్సేమనే తోటలో ఒక్క గంటైనా మెలకువగా ఉండలేకపోయారా అని యేసు శిష్యుల్ని అడిగింది ఆ రాత్రే (మత్తయి 26:40). అందుకే గంట చొప్పున పంచుకోవడం విశ్వాసుల మనసుకు పడుతుంది. రాత్రి 9 నుంచి తెల్లవారి 5 దాకా 8 గంటలు, గంటకు రెండు కుటుంబాలు చాలు. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగియగానే పేర్లు రాయించుకోండి. అర్ధరాత్రి గంటలు యవనస్థులకివ్వండి. వృద్ధులు, బాలింతలు ఇంటి నుంచే ప్రార్థించవచ్చు.

విజ్ఞాపనంటే ఇతరుల కోసం మొర. రోగులు, విధవరాండ్రు, గల్ఫ్‌లో పనిచేసే బిడ్డలు, 1 తిమోతి 2వ అధ్యాయం చెప్పినట్టు అధికారులు: ఈ అంశాలన్నీ కాగితం మీద ఉండాలి. రోగుల పేర్లు మాత్రం వాళ్లనడిగే రాయండి. జబ్బు వివరం అక్కర్లేదు, ప్రభువుకు తెలుసు.