గోడలు లేని చర్చి, కొబ్బరి చెక్క భవంతి

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయికి మనీలాలో మెడిసిన్ సీటు వచ్చింది. దింపడానికి నేనూ వెళ్తున్నాను. హాస్టల్ పని అయ్యాక నాలుగు రోజులు ఖాళీ దొరుకుతుంది. ఎవరిని అడిగినా మాల్స్ పేర్లే చెబుతున్నారు. మీరు అక్కడ ఉద్యోగం చేశానని ఇదివరకు రాశారు. నాలాంటి దానికి చూడదగ్గ కట్టడాలు ఏమున్నాయి? పిల్లని అంత దూరంలో వదిలి రావాలంటేనే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, 1992 నుంచి మూడేళ్లు నేను మనీలాలో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాయింగులు గీశాను. వెళ్లిన మొదటి నెలంతా రాత్రిళ్లు ఏడ్చేదాన్ని. అది చూసి మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ ఆదివారం పొద్దున్నే వచ్చి, బట్టలు మార్చుకోమని, క్వెజాన్ సిటీలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌కి తీసుకెళ్లింది. ఆ క్యాంపస్‌లో ‘ఇకోట్’ అనే జీప్నీలు, అంటే జీపులాంటి షేర్ బళ్లు తిరుగుతాయి. వాళ్ల భాషలో ఇకోట్ అంటే చుట్టూ తిరగడం. ఆ జీప్నీ దిగి నాలుగడుగులు వేసేసరికి చెట్ల మధ్య తెల్లటి గుండ్రటి కప్పు కనబడింది. చర్చ్ ఆఫ్ ది హోలీ శాక్రిఫైస్. మీ నాలుగు రోజుల్లో మొదటిది దీనికివ్వండి.

దీన్ని 1955లో లియాండ్రో లొక్సిన్ అనే ఆర్కిటెక్ట్ కట్టాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్లు. అంతకుముందు నెగ్రోస్ దీవిలో ఒక కుటుంబం కోసం గుండ్రటి ప్రార్థన మందిరం గీస్తే, ఆ కుటుంబం దేశం విడిచి వెళ్లిపోవడంతో అది కాగితం మీదే ఆగిపోయింది. ఆ ఆలోచన విన్న క్యాంపస్ ఫాదర్ జాన్ డిలేనీ, ఇంకా ఏమీ కట్టని ఆ కుర్రవాడికి చర్చి అప్పజెప్పాడు. ఒకరి మీద అంత నమ్మకం పెట్టగల మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ గుండె నిండుతుంది.

ఈ చర్చికి గోడల్లేవు. పల్చటి కాంక్రీటు గుమ్మటాన్ని అంచు చుట్టూ 32 పిల్లర్లు మోస్తాయి. పిల్లర్ల తలలన్నిటినీ ఒక రింగ్ బీము కలుపుతుంది. మధ్యలో ఎక్కడా స్తంభం లేదు. గుమ్మటం నడినెత్తిన వెలుతురు దిగే కంత ఉంది, గంట కూడా అక్కడే. దానికి సరిగ్గా కింద బలిపీఠం. జనం చుట్టూ కూర్చుంటారు, ఎటు కూర్చున్నా దగ్గరే అనిపిస్తుంది. అందుకే నపోలియన్ అబ్వేవా చెక్కిన సిలువకి రెండు ముఖాలు. ఒకవైపు ప్రాణం విడుస్తున్న క్రీస్తు, మరోవైపు లేచిన క్రీస్తు. చుట్టూ ఉన్న బొమ్మలు విసెంతె మనన్సాలావి, నేల మీది డిజైన్ ఆర్తురో లూజ్‌ది. వీళ్లందరికీ, లొక్సిన్‌కి కూడా, తరవాత ఆ దేశపు అత్యున్నత గౌరవమైన నేషనల్ ఆర్టిస్ట్ బిరుదు వచ్చింది. ఈ చర్చిలో పనిచేసేనాటికి చాలామంది కుర్రవాళ్లే.

మేం కూర్చున్న కాసేపటికి వాన మొదలైంది. అక్కడి వానలు మీకు తెలియవు, బిందెలతో కుమ్మరించినట్టు ఉంటాయి. గుమ్మటం అంచు నుంచి నీళ్లు చుట్టూ తెరలా దిగాయి. లోపల మేమంతా పొడిగా ఉన్నాం. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు ఊరు, ఆవిడది చుట్టిల్లు. తుపాను గాలి పట్టుకోవడానికి మూల దొరకదని ఆ ఇళ్లని గుండ్రంగా కడతారు. వాన రాత్రి ఆ చూరు కింద కూర్చున్నట్టే అనిపించింది నాకు. ఆ రోజు తరవాత మనీలాలో ఏడవలేదు. మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. మాస్ ప్రార్థన జరగని వేళ చూసుకుని మౌనంగా ఒక గంట కూర్చోండి, చాలు.

రెండో రోజు పాత మనీలా. పాసిగ్ నది ఒడ్డున పెద్ద పోస్టాఫీసు ఉంది, హువాన్ అరెల్యానో అనే ఆర్కిటెక్ట్ గీసినది. 1945 యుద్ధంలో దెబ్బతింటే మళ్లీ నిలబెట్టారు. 2023 మే నెలలో అగ్నిప్రమాదంలో లోపలంతా కాలిపోయింది. టీవీలో చూస్తూ చాలాసేపు మాట్లాడలేకపోయాను. బయటినుంచే చూడండి. దానికి దగ్గర్లోనే ఆయనదే 1931 నాటి మెట్రోపాలిటన్ థియేటర్. ఎన్నో ఏళ్లు పాడుబడి, 2021లో మళ్లీ తెరుచుకుంది. లోపల సీలింగ్ మీద మామిడికాయలు, అరటిపళ్లు చెక్కారు. మన పెరట్లో ఉండేవే కదా, అవి అంత పెద్ద హాలు కప్పు మీద కనబడితే ముచ్చటేస్తుంది.

ప్రశ్న: నేను బి.ఆర్క్ మూడో ఏడు. మా పుస్తకాల్లో కాన్, కార్బ్యుజియె, దోషి లాంటి పెద్ద ఆర్కిటెక్టులు ఉన్నారు. కాంక్రీటు అంటే బరువు, ఆ బరువు కనబడాలి అంటారు మా మాస్టారు. మీరు తరచూ లొక్సిన్ పేరు చెబుతారు. ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఏముంది?
- ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: తల్లీ, మీ మాస్టారి మాట తప్పు కాదు. కానీ అదొక్కటే దారి కాదు. దోషి పుట్టింది 1927లో, లొక్సిన్ 1928లో. ఇద్దరి చేతిలో ఉన్నదీ అదే కాంక్రీటు, అవే ఎండలు, అవే వానలు. లొక్సిన్ సంగీతం చదువుతూ, ఆ చదువు మధ్యలో వదిలి ఆర్కిటెక్చర్‌కి మారాడు. ఎంత పెద్ద బరువునైనా నేల మీద ఆనించకుండా చూపించాలన్నది ఆయన తపన.

1969లో తెరిచిన కల్చరల్ సెంటర్ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ ఫోటోలు తీసి చూడు. మనీలా బేలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద కట్టారు. ముందువైపు పెద్ద పెట్టెలాంటి దిమ్మ, దాని కింద ఖాళీ. వంపు తిరిగిన కాంటిలీవర్లు, అంటే ఒక చివర మాత్రమే ఆనిన దూలాలు, దాదాపు 12 మీటర్లు ముందుకొచ్చి దాన్ని పట్టుకున్నాయి. బరువంతా వెనక్కి పోతుంది, కింద నీడ మాత్రం మిగులుతుంది. దూరం నుంచి చూస్తే దిమ్మ గాలిలో ఆగినట్టుంటుంది. ఫిలిప్పీన్స్ పల్లెల్లో ‘బహాయ్ కుబో’ అనే వెదురు ఇల్లు ఉంది. గుంజల మీద ఎత్తి కడతారు. కింద వరద నీరు పోతుంది, గాలి ఆడుతుంది, కోళ్లు తిరుగుతాయి. లొక్సిన్ ఆ ఇంటి బొమ్మని కాపీ కొట్టలేదు. నేల నుంచి ఎత్తడం, లోతైన నీడ, పెద్ద చూరు, ఈ మూడూ తీసుకుని కాంక్రీటులోకి తెచ్చాడు. ఒక సెక్షన్, అంటే నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, గీసి చూడు, నేను పది పేజీల్లో చెప్పలేనిది ఒక్క గీతలో తెలుస్తుంది. వెళ్లి చూసే అవకాశం వస్తే ముందు కనుక్కో, 2023లో మరమ్మతుల కోసం ఆ భవనాన్ని మూశారు.

ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలి. ఆ కట్టడాలు చాలావరకు అధ్యక్షుడు మార్కోస్ కాలానివి. 1972లో దేశంలో మార్షల్ లా పెట్టారు. 1974లో అదే ఆవరణలో ఫోక్ ఆర్ట్స్ థియేటర్‌ని 77 రోజుల్లో కట్టారు. అదీ లొక్సిన్ డిజైనే. ఆ వేగాన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, నేను మెచ్చుకోలేను. 1981 నవంబర్‌లో ఆ పక్కనే ఫిల్మ్ సెంటర్ అనే మరో భవనాన్ని, అది లొక్సిన్‌ది కాదు, ప్రారంభం తేదీ కోసం రాత్రీ పగలూ తోసుకొస్తుంటే పరంజా కూలి, తడి సిమెంటులో పడి కార్మికులు చనిపోయారు. రేపు నీ సైట్‌లో ఎవరైనా తేదీ చెప్పి తొందరపెడితే, సెంట్రింగ్ విప్పే రోజు మాత్రం నువ్వే లెక్క వేసుకో. ఆ విషయంలో ఎవరి మాటా వినకు.

లొక్సిన్ 1994 నవంబర్‌లో పోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో డ్రాఫ్టింగ్ బోర్డుల దగ్గర చాలాసేపు ఎవరూ పెన్ను ముట్టుకోలేదు. ఆయన్ని చదివాక పాబ్లో అంతోనియోని చూడు. పన్నెండేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని, పగలు పనిచేస్తూ చదువుకున్న మనిషి. మనీలాలో ఫార్ ఈస్టర్న్ యూనివర్సిటీ భవనాలు ఆయనవే, 1939 నుంచి పదేళ్లకి పైగా కట్టినవి. వాటిది ఆర్ట్ డెకో శైలి. ఆ శైలి అంటే అలంకారం అనుకుంటాం. ఆయన చేతిలో అది వాన కారకుండా, ఎండ పడకుండా చేసే పని అయింది. వాటిని కాపాడుకున్న తీరుకి 2005లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ప్రశ్న: అమ్మా, మాది కోనసీమ. ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. ముసలి చెట్లు కొట్టేస్తే కలపని వంటచెరుక్కి కూడా సరిగ్గా కొనేవాడు లేడు. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరితో రాజభవనమే కట్టారని మా మనవడు ఫోనులో చూపించాడు. నిజమేనా?
- ఒక రైతు, అమలాపురం దగ్గర

జవాబు: నిజమేనండీ, నా కళ్లతో చూశాను. మనీలా బే ఒడ్డున ఉంది, కోకోనట్ ప్యాలెస్ అంటారు. ఫ్రాన్సిస్కో మన్యోసా అనే ఆర్కిటెక్ట్ గీశాడు, 1981లో పూర్తయింది. కప్పు వాళ్ల రైతులు పెట్టుకునే ‘సలకోట్’ టోపీ ఆకారం. మన తాటాకు గొడుగు లాంటిదనుకోండి. స్తంభాలు కొబ్బరి మానులు, నేల కొబ్బరి చెక్క, టేబుల్ మీద చిప్ప ముక్కలు అతికిన పనితనం, దీపాల గుత్తి కూడా చిప్పలతోనే.

ఆ ఏడాది పోప్ రెండో జాన్‌పాల్ వస్తే ఆయన్ని అందులో దించాలనుకున్నారు. ఇంత మంది పేదలున్న దేశంలో ఇంత ఆడంబరం వద్దని ఆయన అక్కడ ఉండలేదు. ఆయన మాటా సరైనదే. మన్యోసా చేసిన పని కూడా విలువైనదే అని నా నమ్మకం. కొబ్బరినీ వెదురునీ పేదవాడి సామాను అని తీసిపారేసే రోజుల్లో, వాటితో గొప్ప పని చేయవచ్చని జీవితాంతం చెప్పిన మనిషి. 2018లో నేషనల్ ఆర్టిస్ట్ బిరుదు ఇచ్చారు, మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

ఇక మీ తోట సంగతి. కొబ్బరి మానుకి బయటి అంచు గట్టిది, లోపలి గుజ్జు మెత్తనిది. మామూలు కలపకి చేవ మధ్యలో ఉంటుంది, దీనికి తిరగబడి ఉంటుంది. అందుకే మన కోత మిల్లుల్లో మామూలు దుంగలా కోస్తే సగం పాడవుతుంది. ముసలి చెట్టు మొదలు వైపు, అంచు చెక్క మాత్రమే దూలాలకీ వాసాలకీ వాడుకోవాలి. బాగా ఆరబెట్టి, పురుగు పట్టకుండా మందు పట్టించాలి. నడిమి చెక్కని బరువు మోసే చోట పెట్టకండి. చెట్టు కొట్టేముందు కొబ్బరి కోయడం తెలిసిన మిల్లు ఉందేమో చూసుకోండి. రంపం పళ్లు తొందరగా అరుగుతాయని చాలామంది ఒప్పుకోరు.

ప్రశ్న: కాకినాడలో ఇల్లు కడుతున్నాం. ఉక్కపోత ఎక్కువ. మా అత్తగారు నేల మీద చాప వేసుకునే పడుకుంటారు, కిటికీ గాలి ఆవిడకి తగలదు. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, కాకినాడ

జవాబు: దీనికి ఫిలిప్పీన్స్ పాత ఇళ్లలో చక్కటి జవాబు ఉంది. ‘బహాయ్ నా బతో’ అని, కింద రాయి, పైన చెక్కతో కట్టిన మేడలు. భూకంపం వస్తే చెక్క ఊగి నిలుస్తుంది. పై అంతస్తులో కిటికీ చట్రాల్లో అద్దం బదులు కపిస్ అనే పల్చటి ఆల్చిప్పలు పొదుగుతారు, వెలుతురు పాలలా దిగుతుంది. ఆ కిటికీకి కింద, నేలకి ఆనుకుని, ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. పేరు ‘వెంతనిల్యా’. కమ్మీలుంటాయి, చిన్న తలుపు రెక్కలుంటాయి. పెద్ద కిటికీ మూసినా నేల వారన గాలి ఆడుతూనే ఉంటుంది.

మీ అత్తగారి గదిలో సముద్రం గాలి వచ్చే వైపు కిటికీ కింద అడుగున్నర ఎత్తుండే అలాంటి చిన్న కిటికీ పెట్టించండి. నేల నుంచి నాలుగంగుళాలు గట్టు వదలండి, కడిగిన నీళ్లు బయటికి పోకుండా. ఎదురు గోడకి పైన వెంటిలేటర్ ఉంటేనే గాలి కదులుతుంది. ఉప్పుగాలికి ఇనుప కమ్మీలు తుప్పు పడతాయి, టేకువి పెట్టించండి, వెనక దోమల జాలీ. రెక్కలు గది లోపలికి తెరుచుకోవాలి. అర్ధరాత్రి జల్లు కొడితే ఆవిడ చాప మీద నుంచి లేవకుండానే చెయ్యి చాపి మూసుకుంటారు.