మైదానం ముచ్చట: గోల్ కొట్టనోడికి ఫుట్‌బాల్‌లో బతుకుందా?

(హైదరాబాద్ లీగ్‌లో మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం మధ్యలో ఆడి, తర్వాత నల్గొండ జిల్లా ప్రభుత్వ బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరైన మా శీర్షికకర్త పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: సార్, నమస్తే. మాది దేవరకొండ. మా బాబుకు పద్నాలుగేళ్లు. ఫుట్‌బాల్‌లో సెంటర్‌లో ఆడతాడు. మొన్న జిల్లా సెలక్షన్స్‌లో గోల్స్ కొట్టిన పిల్లలను తీసుకుని మావాణ్ని పక్కన పెట్టారు. ‘గోల్ కొట్టనోడు ఏం ఆటగాడు, పైగా పొట్టి’ అని మా మరిది రోజూ అంటున్నాడు. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, 60 వేలు కడితే పెద్ద క్లబ్ ట్రయల్స్‌కు పంపిస్తా, ఆడితే విదేశాలకు కూడా తీసుకుపోతా అంటున్నాడు. చిట్టీ ఎత్తి కడదామా అని ఆలోచిస్తున్నాం. మిడ్‌ఫీల్డర్‌గా వీడికి భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందైతే చిట్టీ ఎత్తకండి. పిల్లవాడి ఆట ఒక్కసారి కూడా చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పే మనిషికి ఆటతో పనిలేదు. ఆటగాడి తరఫున క్లబ్బులతో మాట్లాడే ఏజెంటుకు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే లైసెన్స్ ఉండాలి. ఆయన్ని ఆ నంబరు అడగండి, మళ్లీ ఫోన్ చేస్తాడో లేదో మీకే తెలుస్తుంది. విదేశాల మాట అసలు నమ్మొద్దు. 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మారడాన్ని ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పనిమీద ఆ దేశానికి కాపురం మార్చడం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మీకు వర్తించవు. అకాడమీలో వేయాలనే ఉంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు ఇచ్చి, స్టార్ రేటింగ్ వేసిన అకాడమీలున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని మీరే స్వయంగా వెళ్లండి. పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు, ఏం తింటున్నారు, ఏ బడికి పోతున్నారు, ఈ మూడూ కళ్లారా చూశాకే డబ్బు మాట ఎత్తండి.

ఇక మీ మరిదిగారి మాట. ఎంగోలో కాంటే అనే ఫ్రాన్స్ ఆటగాడి గురించి ఆయనకు చెప్పండి. ఎత్తు 168 సెంటీమీటర్లు. అమ్మానాన్నలు ఆఫ్రికాలోని మాలి నుంచి వలస వచ్చినవాళ్లు. పెద్ద అకాడమీలేవీ అతణ్ని తీసుకోలేదు. పంతొమ్మిదేళ్ల వయసుకు ఇంకా పారిస్ శివార్లలో ఒక చిన్న క్లబ్బులోనే ఆడుతున్నాడు. అక్కడి నుంచి బూలోన్‌లో మూడో స్థాయి లీగ్, తర్వాత కాఁ క్లబ్బులో రెండో స్థాయి, ఆపైన మొదటి స్థాయి. ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ అతణ్ని కొనేనాటికి 24 ఏళ్లు. 2015-16లో ఆ జట్టు ఇంగ్లండ్ మొదటి స్థాయి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచి ప్రపంచాన్నే ఆశ్చర్యపరిచింది. ఆ సీజన్ మొత్తంలో లీగ్‌లో కాంటే కొట్టింది ఒకే ఒక్క గోల్. మరుసటి ఏడాది చెల్సీకి మారితే ఆ జట్టూ గెలిచింది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో తోటి ఆటగాళ్లంతా ఓటేసి ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నది ఇతణ్నే. 2018లో ప్రపంచకప్ కూడా గెలిచాడు. వచ్చిన బంతిని లాక్కుని మనవాడికి అందించడమే పనిగా పెట్టుకున్న మనిషి ఇవన్నీ గెలిచాడు.

మిడ్‌ఫీల్డర్ ఆట స్కోరుబోర్డు మీద కనపడదమ్మా. బంతి కాలి దగ్గరికి రాకముందే సగం ఆట అయిపోతుంది. నార్వేకు చెందిన గేర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ పెద్ద ఆటగాళ్ల వీడియోలు ముందేసుకుని, బంతి అందుకునే ముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తున్నారో లెక్కపెట్టాడు. స్పెయిన్ ఆటగాడు చావీ సెకనుకు 0.83 సార్లు చూస్తాడని తేలింది. అంటే పది సెకన్లలో ఎనిమిదిసార్లు. చావీ ఎత్తు 170 సెంటీమీటర్లే. తనను ఢీకొట్టే మనిషి ఎక్కడున్నాడో ముందే తెలిసినవాడికి ఢీ తినాల్సిన అవసరం రాదు. అందుకే ఎత్తు గురించి మీరు దిగులు పడొద్దంటున్నాను.

ఈసారి బాబు మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతిని చూడకండి. ఐదు నిమిషాలు వాడి మెడను మాత్రమే చూడండి. బంతి వేరేవాళ్ల దగ్గరున్నప్పుడు వాడు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా? బంతి వస్తుంటే ఒంటిని కాస్త పక్కకు తిప్పి నిలబడుతున్నాడా, లేక బంతికి ఎదురుగా గోడలా నిలబడి, అందుకున్నాక అప్పుడు వెతుక్కుంటున్నాడా? చూడటం అలవాటుగా ఉంటే వాడిలో సరుకుంది. లేకపోతే నేర్పించొచ్చు. నా పిల్లలకు నేను నేర్పిన పద్ధతి ఇది. ఒకరు ముందు నుంచి బంతి వేయాలి, ఇంకొకరు వాడి వెనక నిలబడి వేళ్లు చూపించాలి. బంతి కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో వాడు అరిచి చెప్పాలి. ముందు రెండు, తర్వాత నాలుగు, మధ్యలో మారుస్తూ ఉండాలి. మొదట్లో బంతి కాళ్లసందు నుంచి పోతుంది, పిల్లలు చిరాకు పడతారు. పోనివ్వండి. మొరం నేల మీద బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం కాబట్టి మన పిల్లలు ఎప్పుడూ బంతి మీదే కళ్లు పెట్టి ఆడటానికి అలవాటుపడతారు. ఈ ఒక్క అలవాటు వల్లే మన జిల్లా పిల్లలు హైదరాబాద్ సెలక్షన్స్‌లో ఆగిపోతుంటే చూసి నా కడుపు తరుక్కుపోయేది. వాళ్లకు కాళ్లలో ఏ లోటూ లేదు.

సెలక్షన్స్‌లో తీసేశారని వాణ్ని తిట్టకండి. ఒక పూటలో, తెలియని పిల్లలతో కలిపి ఆడించే సెలక్షన్స్‌లో ముందుగా నష్టపోయేది మిడ్‌ఫీల్డరే. ఎందుకంటే వాడి ఆట తోటివాళ్లతో కలిస్తేనే బయటపడుతుంది. క్రొయేషియాకు చెందిన లూకా మోద్రిచ్‌ను చిన్నప్పుడు హజ్‌డుక్ స్ప్లిట్ క్లబ్బు బక్కగా ఉన్నాడని వద్దంది. యుద్ధంలో ఇల్లు విడిచి, శరణార్థులను పెట్టిన హోటల్‌లో ఉంటూ, దాని పార్కింగ్ స్థలంలో బంతి తన్నిన పిల్లవాడు అతను. పద్దెనిమిదేళ్లకు జాగ్రెబ్ క్లబ్బు అతణ్ని అద్దె ఆటగాడిగా బోస్నియాకు పంపింది. మోటు ఆటకు పేరుపడ్డ ఆ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అవార్డు అందుకునేనాటికి 33 ఏళ్లు. పరుగు తగ్గినా చూపు తగ్గదు కాబట్టి మిడ్‌ఫీల్డర్లు ఇలా ఎక్కువ కాలం ఆడగలరు.

కానీ మన దగ్గరి పరిస్థితి కూడా మీకు తెలియాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. ఫైనల్లో కేరళ ముందుంటే 88వ నిమిషంలో గోల్ కొట్టి స్కోరు సమం చేసిన సాహిల్ తవోరా ఒక మిడ్‌ఫీల్డరే, బెంచి మీద నుంచి లేచి వచ్చినవాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అదే క్లబ్బు తర్వాత జీతాల బకాయిల గొడవల్లో చిక్కుకుని, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన ఆటగాడికే నెల జీతానికి పూచీ లేని చోట, తొమ్మిదో తరగతి పిల్లవాడి చదువు ఆపడం తప్పు. పదో తరగతి, ఇంటర్ పూర్తి చేయించండి. పోలీసు, రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉంది, దానికి సర్టిఫికెట్లతోపాటు చదువూ కావాలి. స్కూల్ గేమ్స్‌లో అండర్-17, అండర్-19 ఇంకా ముందున్నాయి, వాడికి టైముంది.

ఇంకొక్కటి. వయసు రెండేళ్లు తగ్గించి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే గేటు దగ్గరే ఆపేయండి. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తున్నారు, దొరికితే వాడి కెరీర్ అక్కడితో సరి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, స్కూల్ రికార్డు మూడింట్లో ఒకే తేదీ ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్నాను సార్. డిగ్రీ రెండో సంవత్సరం. మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాను. నా ఎడమ కాలు అస్సలు పనిచేయదు. ఈ వయసులో మారుతుందా?

జవాబు: మారుతుంది తమ్ముడూ. మన హైదరాబాద్ రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా పనిచేసినవారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్. ఆయన బలహీనమైన కాలితోనే ఆడాలనే షరతు మీద పోటీలు పెట్టేవారు. నువ్వూ అదే చెయ్యి. ఒక గోడ వెతుక్కో, పొద్దున ఎండ ఎక్కకముందు అరగంట ఎడమ కాలితో మాత్రమే గోడకు కొట్టి ఎడమ కాలితోనే ఆపు. మొదట ఐదడుగుల దూరం చాలు. దూరం తొందరపడి పెంచకు, బంతి ఆగడం ముఖ్యం. స్నేహితులతో ఆడేటప్పుడు కూడా ఒక సగం ఎడమ కాలితోనే ఆడు, నవ్వితే నవ్వనీ. దీంతోపాటు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెట్టే కోచింగ్ లైసెన్స్ కోర్సుల్లో కింది స్థాయివి ఇప్పుడే చూసుకో. ఆడుతూనే పిల్లలకు నేర్పితే ఆట నీకే ఇంకా బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: మా చెల్లి ఇంటర్ మొదటి సంవత్సరం. అచ్చంపేట దగ్గర తండా మాది. బాగా ఆడుతుంది గానీ, ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏంటని ఇంట్లో గ్రౌండ్‌కు పంపడం లేదు. ఏం చెప్పి ఒప్పించాలి?

జవాబు: నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పండి. దేశం తరఫున ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లింది. ఆమె వీడియోలు ఫోన్‌లో పెట్టి అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మీ ఇంటివాళ్ల భయం ఎక్కువగా రాకపోకల గురించే అయి ఉంటుంది. కాబట్టి కొన్నాళ్లు మీరే తోడు వెళ్లి, మీరే తీసుకురండి. అచ్చంపేట చుట్టుపక్కల ఆడే అమ్మాయిలు ఇంకో నలుగురు దొరికితే ఆ ఇళ్లవాళ్లను కూడా కలపండి. చెల్లి ఏ స్థానంలో ఆడుతుందో రాయలేదు, వచ్చే ఉత్తరంలో రాయండి.