అడవిపంది వేటకు వెళ్తున్న మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

టెక్సాస్‌లో ఫ్రెండ్స్‌తో అడవిపందుల వేటకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడ టెన్షన్ ఆవిడది. నేనూ అక్కడ ఉన్నన్నాళ్లు ఆ వేట చేసినవాణ్ణే కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ముందు కాగితాలు. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవిపందికి లైసెన్స్ అక్కర్లేదని 2019లో టెక్సాస్ చట్టం మారింది. కానీ నువ్వు హెచ్1బీ మీద ఉన్నావు. నీలాంటివాళ్లు తుపాకి పట్టుకోవాలంటే వేట లైసెన్స్ ఉండాలని ఫెడరల్ చట్టం అంటుంది. ఫ్రెండ్ తుపాకే కదా అనుకోకు, లైసెన్స్ కొనుక్కో. ఆ సరదా సెలవులకి ఇక్కడికి మాత్రం మోసుకురాకు. మన పల్నాడు చేలల్లో పందులు ఎంత పాడుచేసినా 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా కొడితే కేసే.

ఇక తూటా. ముదిరిన మగపందికి జబ్బల మీద, తోలు కిందే, మందమైన గట్టి పొర ఉంటుంది. చిన్న జంతువుల కోసం చేసిన పలచని తూటాలు దానికి తగిలి పైపైనే చిట్లిపోతాయి. ఫుల్ మెటల్ జాకెట్, అంటే సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగున్న తూటా అయితే విచ్చుకోకుండా సూదిలా దూరి అవతలికి పోతుంది, పంది గాయంతో పొదల్లోకి పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. ఆ పాపం మనకొద్దు. బాండెడ్ సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తగా ఉండి విచ్చుకుంటుంది, తొడుగుకు సీసం అతికి ఉంటుంది కాబట్టి చిట్లిపోదు) గానీ, మొత్తం రాగితో చేసినది గానీ తీసుకో. .308 సైజు రైఫిల్‌కి 150 నుంచి 165 గ్రెయిన్ల బరువు తూటా, .243కి 100 గ్రెయిన్లది సరిపోతాయి. .223తో కొట్టేవాళ్లున్నారు, పెద్ద మగపందికి నేనైతే వాడను. ఏది కొన్నా, వేటకు వాడే రకంతోనే రేంజిలో 100 గజాలకు స్కోప్ సరిచేసుకో. బ్రాండ్ మారితే మళ్లీ కాల్చి చూసుకోవాల్సిందే.

అసలు విషయం గురి. పంది గుండె, ఊపిరితిత్తులు జింకకున్నవాటికంటే ముందుకు, కిందకు ఉంటాయి. పైగా వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒళ్లు ఎత్తుగా కనిపిస్తుంది, కన్ను మోసపోతుంది. పంది పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెంటే చూపు పైకి తీసుకెళ్లి, పొట్ట గీత నుంచి ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆపు. అక్కడే కొట్టాలి. బెత్తెడు వెనక్కి జరిగిందా, పేగుల్లో తగులుతుంది. తల నీకు అవతలి వైపుకు పెట్టి కొంచెం ఏటవాలుగా తిరిగి ఉంటే తూటా అవతలి ముందుకాలి వైపు వెళ్లేలా గురి పెట్టు. చెవి కింద కొడితే ఉన్నచోటే పడిపోతుంది, నిజమే, కానీ పంది తల ఒక్క క్షణం నిలవదు. బాగా దగ్గర్లో, తుపాకి దేనికైనా ఆనించి ఉంటే తప్ప ఆ జోలికి పోకు. వెనక ఇంకో పంది ఉన్నా, మట్టిగట్టు లేకుండా ఖాళీగా ఉన్నా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఎంతసేపైనా ఆగు.

పడ్డాక పరిగెత్తుకెళ్లకు. కాసేపాగి వీపు వైపు నుంచి వెళ్లు. కళ్లు మూసుకుని ఉంటే ఇంకా బతికే ఉందనుకో.

కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, ఆ పందుల నుంచి బ్రూసెల్లోసిస్ అనే జ్వరపు జబ్బు అంటుకుంటుంది. మాంసం లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్‌కు ఉడకాలి.

నీకు ఏ రైఫిల్ ఇస్తున్నారో కనుక్కుని మెసేజ్ పెట్టు, దానికి ఏ తూటా కొనాలో చెప్తాను.

మీ మావయ్య